కాంటా కాడ నీళ్ళిచ్చినామె

శ్రీరాంపూర్ దాటినంక, రోడ్డుకు ఎడమ పక్క, బొగ్గు లారీలను తూచే పాత కాంటా ఒకటి ఉన్నది. మూతవడి శానా ఏండ్లయింది. తూచే ఇనుప పలక తుప్పు పట్టింది. పక్కనున్న చిన్న అర్రకు తలుపు లేదు. పొద్దుగూకినంక దాని ముందల బండి ఆపే మొగోడు లేడంటరు. ఆపితే... అర్రలకెల్లి ఒక ముసలామె వస్తదట. చేతుల నీళ్ళ గిలాస. "తాగు బిడ్డా" అంటదట. మొఖం మాత్రం ఎవలకూ కనవడదట.

గీ మాట మొదలు పుట్టింది పద్మలత నోట్లకెల్లి. పోయినేడు వానకాలంల ఆమె పెనిమిటి నరేశ్, గా కాంటా ముందలనే పానం ఇడిసిండు. ఇద్దరు బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. ఆమె బతికింది. ఆ రాత్రి సంగతి అడిగితే, లారీ ముందట కట్టిన నిమ్మకాయ కింద మిరపకాయలు ఎన్నున్నయో సుత చెప్తది. లారీ రంగు అడిగితే చెప్పలేదు. పోలీసులు మూడుసార్లు అడిగితే మూడు రంగులు చెప్పింది. నీళ్ళిచ్చిన ముసలామె ముచ్చట మాత్రం ఎన్నిసార్లడిగినా ఒక్క తీరే.

"మా అత్త రాలే," అంటది ఆఖరుకు. "దెయ్యమన్నా వచ్చింది."

గా మాటే అత్త లింగవ్వ పానం తీస్తున్నది. ఎందుకంటే... నీళ్ళిచ్చింది తనే.

లింగవ్వకు అన్నీ యాదికున్నయి. ఫోన్ వచ్చుడు, చెంబు, గిలాస ఎత్తుకొని చెప్పుల్లేకుంట ఉరుకుడు, కాళ్ళ కింద కంకర కుచ్చుకునుడు. చెప్తే ఒక్కరు నమ్మరు. "నువ్వు ఫోన్ల మాట ఇనంగనే ఇంట్ల పడిపోయినవు గద" అంటరు వాడకట్టోళ్ళు. పడిపోయింది ఆనంక అంటే, పోరగాండ్లకు ఊపినట్టు తలకాయ ఊపుతరు. గట్ల ఊపుతే ఆమెకు ఒళ్ళంత మండుతది. ఇంకో మనిషైతే కొట్లాడేది. లింగవ్వకు నోరు లేదు. నలుగురిల మాట్లాడుమంటే కొంగు సదురుకుంట ఎనుకకు జరుగుతది.

ఇప్పుడు కోడలు తెల్లారంగనే పెద్దపల్లికి, తల్లిగారింటికి పోతనన్నది. మళ్ళ రాదట. "కొడుకు పోయిన దినం గుక్కెడు నీళ్ళియ్యని అత్త కాడ ఏం జూసి ఉండాలె?" అన్నది. పెనిమిటి ఎన్నడో పాయె, కొడుకు పాయె, లింగవ్వకు మిగిలింది గా పిల్ల ఒక్కతే. పోయేముందు కాంటా కాడి ముసలామెకు దండం పెట్టుకుంటనని, రాత్రికి వాడకట్టు రాయమల్లు ఆటో మాట్లాడుకున్నది పద్మలత.

లింగవ్వ గా మాట ఇన్నది. కోడలి కన్నా ముందుగాల, ఒక్కతే నడుసుకుంట బయలెల్లింది. కొంగు సాటున చెంబు, గిలాస. గదే జాగల నిలవడుత... నీళ్ళిస్త... మొఖం చూపెడుత. గప్పుడన్న యాదికొస్తదేమో.

అర్రల చీకటి. గబ్బిలాల కంపు. చెంబుల నీళ్ళు గిలాసల ఒంపి పట్టుకున్నది. ఎవలన్నా దెయ్యం వస్తదని భయపడుతరు. ఆమెకు మనిషి వస్తదని భయం.

దూరంగ ఆటో ఆగింది. లైటు ఆరిపోయింది.

"నేను గీడిదాంకనే చెల్లె," రాయమల్లు గొంతు. "ముందటికి రమ్మంటే నా ఆటో సుత రాదు."

"భయం ఆటోకా, నీకా?"

"ఇద్దరిదీ ఒక్క ఇల్లే గద."

అడుగుల చప్పుడు. దగ్గరికి... ఇంకా దగ్గరికి... ఆగింది. లింగవ్వ అర్రలకెల్లి బయటికచ్చి గిలాస ముందటికి చాపింది.

"తాగు బిడ్డా."

పద్మలత కెవ్వుమనలే. ఉన్నకాడనే మోకాళ్ళ మీద కూలవడ్డది. రెండు చేతులతోని గిలాస అందుకొని, గటగట తాగింది.

"ఏడికి పోయినవు తల్లీ గిన్ని దినాలు..." గుసగుసలాడింది. "రోజు పండుకునే ముందు నీతోనే మాట్లాడుకుంటున్న. నువ్వు లేకుంటే నేను గాన్నే సచ్చిపోదును."

కోడలి నోటెంట గంత మెత్తటి మాట లింగవ్వ ఎన్నడూ ఇనలే. ఒక్క గడియ... దెయ్యంగనే ఉండిపోతే ఏంబాయె అనిపించింది. ఉండలేకపోయింది.

"నేనే పద్మా. మీ అత్తను."

ఫోన్ లైటు మొఖం మీద పడ్డది. గిలాస ఎగిరి కంకరల పడ్డది.

"గామె యేషం కట్టుకొనొస్తవా? నాకున్న గా ఒక్కదాన్ని సుత గుంజుకుంటవా?"

"యేషం కాదు బిడ్డా. గాదినం గిట్లనే..."

"నువ్వు రాలే."

"వచ్చిన."

"రాలే అంటున్న గద."

లొల్లి ఇని రాయమల్లు ఉరికొచ్చిండు. ఇద్దరినీ చూసిండు. జరసేపు తల గోక్కున్నడు.

"లింగక్కా, ఒక్క మాట చెప్త, కోపం జెయ్యకు. గా రాత్రి నిన్ను దవాఖానకు తీస్కపోయింది నేనే. ఫోన్ చేతులుండంగనే పడ్డవు. గడప సుత దాటలే. పండ్లు గిట్ట కర్సుకపోయినయి. తెల్లారెదాంక మంచం దిగలే."

"మరి నా కాళ్ళకు కుచ్చుకున్న కంకర...?"

"పోవాలె పోవాలె అని పానం గంతగనం కొట్టుకున్నది గద. పోయినట్టే యాది పెట్టుకున్నదేమో అక్కా."

ఏడాది సంది ఊరంత అబద్ధమన్నా లింగవ్వ ఓర్సుకున్నది. ఇప్పుడు తన యాదే తనను అబద్ధం జేస్తున్నది. కోడలి మొఖం కొద్దిగ మెత్తబడ్డది. గా జాలి ఆమెకు తిట్టు కన్నా గట్టిగ తగిలింది.

"అయితే గిది నిజమో కాదో చెప్పు," అన్నది లింగవ్వ, పద్మలత దిక్కు చూసి, మెల్లగ. "నీ పండ్లు గిలాసకు టకటక కొట్టుకున్నయి. నీళ్ళు లోపటికి పోలే. నా ఏలు నడుమ పెట్టి నోరు తెరిపిచ్చిన. కరిచినవ్."

కుడిచెయ్యి చూపుడేలు లైటు ముందల పెట్టింది. ఏలు చుట్టూ సగం చందమామ తీరు మానిన పంటిగాట్ల మచ్చలు.

"గవి నువ్వే కరుచుకున్నవక్కా, ఆటోల..." అనవోయిండు రాయమల్లు.

"ఆగన్నా."

పద్మలత గొంతు పీలగ వచ్చింది.

"ఏలు కరిచిన... నోరంత నెత్తురు రుచి అయింది. గా సంగతి నేను ఎవలకూ చెప్పలే. పోలీసులకు సుత."



పద్మలత చెయ్యి చాపి, ఆ ఏలు పట్టుకున్నది. గా రాత్రి నోట్ల తగిలిన ఏలు లెక్కనే, సచ్చినోళ్ళ చెయ్యి తీరు సల్లగున్నది.

అయినా ఇడువలే.