నలభై ఎనిమిది వాట్ల తేడా

"ఇది కరెంటు తాగుతోందా, మింగుతోందా?"

అదీ ఆ అమ్మాయి అతనితో అన్న మొదటి మాట. నమస్కారం లేదు, పలకరింపు లేదు. చేతిలో ఒక మీటరు, కళ్ళు ఆ మీటరు మీద.

"వేగంగా పరిగెత్తేవాడికి దాహం ఎక్కువేనండీ," అన్నాడతను.

"పరిగెత్తేవాడి గొప్ప సరే. నీళ్ళు మోసేవాళ్ళని కూడా ఒకమాట అడగాలి కదా."

ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే మనిషికి, తన మాట తనకే తిరిగి రావడం కొత్త అనుభవం.

కొత్తగా వచ్చే కంప్యూటర్ ప్రాసెసర్లను పరీక్షించి, ఏది ఎవరికి పనికొస్తుందో చెప్పే ఆఫీసు అది. పరీక్షలు జరిగే గది రెండో అంతస్తులో ఉంది. అతని పని వేగం కొలవడం. మాటలోనూ నడకలోనూ తొందరే కాబట్టి అందరూ అతన్ని టర్బో అని పిలిచేవారు. ఆమె కరెంటు కొలవడానికి కొత్తగా చేరింది. సాయంత్రానికల్లా టర్బో ఆమెకు మీటరమ్మ అని పేరు పెట్టేశాడు. ఆ సంగతి ఆమెకు తెలిసింది. తెలిసి, అతని వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు ఎన్ని వాట్లుంటుందో కొలిచే మీటరు ఆ ఆఫీసులో లేదు.

అప్పుడు గదిలో రెండు మెషిన్లు పరీక్షలో ఉన్నాయి. బొమ్మల సినిమాలు తీసే ఒక స్టూడియో, హాలు నిండా కంప్యూటర్లు కొనబోతూ, ఈ రెంటిలో ఏది తీసుకోమంటారని అడిగింది. ఒక ప్రాసెసర్ బాగా వేగమైనది, వేడెక్కేది. దాన్ని పెద్దోడు అనేవారు. రెండోది కొంచెం నిదానం, కరెంటు పొదుపు. అది చిన్నోడు.

"పెద్దోడే కరెక్టు," అనేవాడు టర్బో. "పని త్వరగా ముగిస్తాడు, త్వరగా పడుకుంటాడు. కరెంటు మిగిలినట్టే కదా."

"ఒక్కో బొమ్మ తయారవడానికి మొత్తం ఎంత కరెంటు ఖర్చయిందో కొలిస్తే తెలుస్తుంది మిగిలిందో తగిలిందో."

"మీరు ప్రతిదీ కొలుస్తారా?"

"మీరు ఏదీ కొలవకుండానే చెప్పేస్తారా?"

ఇలా పొద్దున్న మొదలయ్యేది. ఇద్దరూ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. పెద్దసారు మాత్రం తన గదిలో కూర్చుని ఇదంతా వింటూ, ఆఫీసు బాగా నడుస్తోందని సంతోషించేవాడు.

ఆ పెద్దసారు ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషే గానీ, కొలత దగ్గర మాత్రం రాజీపడేవాడు కాదు. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఏ కొలతనైనా ఇద్దరు విడివిడిగా తీయాలి. ఒకరు తీస్తున్నప్పుడు రెండోవారు గదిలో ఉండకూడదు. ఇద్దరి లెక్కా కలిస్తేనే మాట బయటికి వెళ్తుంది.

ఇక గది సంగతి. ఏసీ చల్లదనమంతా టర్బో కూర్చునే వైపే ఉండేది. ఆమె కుర్చీ మెషిన్ల ర్యాకు వెనక, మూలన. పెద్దోడు వదిలే వేడిగాలి తిన్నగా ఆమె మొహానికే కొట్టేది. ప్రాసెసర్ వచ్చిన అట్టపెట్టె మూతతో విసురుకుంటూ ఆమె రీడింగులు రాసుకోవడం టర్బో చూశాడు. చూడనట్టు ఉండటం అతనికి చేతకాలేదు.

ఆమె పెద్దసారుకు చెప్పింది. ఆయన "చూద్దామమ్మా" అన్నాడు. ఆయన నోట ఆ మాటకు అర్థం ఏమీ జరగదని. కొత్తమ్మాయి కాబట్టి ఆమెకు తెలియదు.

మర్నాడు టర్బో ఇంట్లో తన గదిలోని టేబుల్ ఫ్యాన్ సంచిలో పెట్టుకుని తెచ్చాడు. ఎవరూ రాకముందే ర్యాకు వెనక, కింది అరలో, సందులోంచి ఆమె కుర్చీకి గాలి తగిలేలా అమర్చాడు. మెషిన్లను చల్లార్చే కూలర్ల రొదలో దాని చప్పుడు కలిసిపోయింది. దగ్గరలో ఖాళీగా ఉన్న ప్లగ్గులో దాని వైరు గుచ్చాడు. ఆ ప్లగ్గు దేనికి కలిసుందో చూడలేదు. అతని దృష్టిలో ఫ్యాన్ అంటే గాలి, అంతే.

ఆమె రాగానే ర్యాకు ఇవతల నుంచే చెయ్యి పెట్టి వేసేవాడు, వెళ్ళగానే ఆపేవాడు.

గాలి తగిలేసరికి ఏసీ బాగుచేయించారనుకుని ఆమె పెద్దసారు గదికి వెళ్ళి థాంక్స్ చెప్పింది. ఆయన పెద్దరికంగా "పర్లేదమ్మా" అన్నాడు. టర్బో అది విన్నాడు, విననట్టు వేగం కొలుచుకుంటూ పోయాడు. ఇంట్లో వాళ్ళమ్మ "ఫ్యాన్ ఏదిరా?" అంటే రిపేరుకిచ్చానని చెప్పి, చెమటలు కక్కుతూ పడుకున్నాడు. అది ప్రేమని అతను అనుకోలేదు. ఉక్కపోస్తున్న మనిషికి గాలి తగలాలి, అందులో వింతేముంది అనుకున్నాడు. మొదట్లో అందరూ అలాగే అనుకుంటారు.

లెక్కలు కలవడం మానేసింది ఆ తర్వాతే.

చిన్నోడి లెక్క ఇద్దరికీ సరిగ్గా కలిసింది. పెద్దోడి దగ్గర మాత్రం ఆమె కొలిస్తే ఎక్కువ, అతను కొలిస్తే తక్కువ. ఆమె లెక్క నమ్మితే స్టూడియో చిన్నోణ్ణి కొనాలి. అతని లెక్క నమ్మితే పెద్దోణ్ణి. మళ్ళీ తీశారు. మళ్ళీ అంతే.

"నువ్వు చూస్తే ఒకటి, వాడు చూస్తే ఒకటి," అన్నాడు పెద్దసారు. "ప్రాసెసర్ మనిషి మొహం చూసి తాగుతుందా?"

"ఆవిణ్ణి చూసి వేడెక్కుతున్నాడేమో సార్," అన్నాడు టర్బో.

ఎవరూ నవ్వలేదు. పెద్దసారు ఆమె వైపు తిరిగాడు. "ఎల్లుండి స్టూడియో వాళ్ళొస్తారమ్మా. అప్పటికి లెక్క కలవాలి. లేకపోతే మీటరు పని వేరేవాళ్ళకి ఇస్తాను. నువ్వింకా కొత్త కాబట్టి చెప్తున్నా, ఏమీ అనుకోకు."

ఆమె తలూపింది. ఆ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంట్లో నాన్న వెంట గది గదికీ తిరిగి స్విచ్చులు ఆపుతూ పెరిగిన పిల్ల ఆమె. ఎంత వృథా పోతోందో కొలిచి చెప్పే పనికి జీతం కూడా ఇస్తారని తెలిసినప్పుడు, తన కోసమే పుట్టిన ఉద్యోగమనుకుంది. ఇప్పుడు ఆ కుర్చీయే పోయేలా ఉంది. ఆమె మూలకు వెళ్ళి, గోడవైపు తిరిగి కూర్చుంది.

టర్బో కాఫీ కప్పుతో వెనకే వెళ్ళాడు.

"ఒక మాట చెప్తాను, కోప్పడకండి."

"అలా మొదలుపెట్టారంటే కోపమొచ్చే మాటే."

"నా లెక్క కొంచెం మీ లెక్క వైపు జరిపేస్తాను. కలిసిపోతుంది. చిన్నోణ్ణి కొంటారు, కొననీండి. వాడూ చెడ్డవాడేం కాదు."

ఆమె కప్పు అందుకోలేదు.

"ఇన్నాళ్ళూ పెద్దోడి కోసం నాతో పొద్దస్తమానం పోట్లాడారే. అదంతా ఏమైంది?"

"మీ ఉద్యోగం కంటే పెద్దోడు ఎక్కువా?"

"జాలా?"

"జాలి కాదు..."

"మరేంటి?"

అతను జవాబు వెతుక్కున్నాడు. దొరికింది గానీ, అది బయటికి చెప్పేలా లేదు.

"నా లెక్క తప్పయితే తప్పని నేనే చెప్పుకుంటాను," అందామె. "దొంగలెక్కతో దొరికే కుర్చీలో నేను కూర్చోలేను. మీరు వెళ్ళండి."

టర్బో వెళ్ళాడు. ఆ రోజంతా మెట్లు ఒక్కొక్కటిగా, నిదానంగా ఎక్కాడు, దిగాడు. ఒంట్లో బాగాలేదేమోనని పెద్దసారు కూడా అడిగాడు.

మర్నాడు ఆకాశం మబ్బుపట్టింది. వాన మొదలైంది. ఆమె తన రీడింగులూ అతని రీడింగులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తోంది. పెద్దోడు ఊపిరి సలపకుండా పనిచేస్తున్నప్పుడు ఇద్దరి లెక్కకీ తేడా నలభై ఎనిమిది వాట్లు. పెద్దోడు పనేమీ లేక కూర్చున్నప్పుడూ తేడా నలభై ఎనిమిదే.

ఆమె కళ్ళు అక్కడే ఆగిపోయాయి. ప్రాసెసర్‌కి పనుంటే ఎక్కువ తాగాలి, లేకపోతే తక్కువ తాగాలి. పనున్నా లేకపోయినా ఒకేలా తాగేది ప్రాసెసర్ కాదు.

"ఒకసారి ఇలా రండి," అని పిలిచింది. టర్బో పరిగెత్తుకొచ్చాడు.

ఆమె పెద్దోణ్ణి పూర్తిగా ఆపేసింది. కూలర్ తిరగడం మానేసింది. దీపాలు ఆరిపోయాయి. మీటరు మాత్రం సున్నాకి రాలేదు. నలభై ఎనిమిది దగ్గర నిలబడింది.

"మెషిన్ చచ్చి ఊరుకుంటే మరి ఈ తాగేదెవరు?" అంటూ ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, మీటరు నుంచి బయల్దేరిన వైరు పట్టుకుని వెళ్ళింది. మీటరు నుంచి ప్లగ్గుల పెట్టెకి, పెట్టె నుంచి ర్యాకు వెనక్కి, కింది అరలోకి. అక్కడ ఒక టేబుల్ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోంది.

ఆమె తలెత్తింది. టర్బో దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి ఉన్నాడు. ఎవరూ ఏమీ అడగకుండానే "నాకు తెలీదు" అన్నాడు. తర్వాత, "అంటే, ప్లగ్గు సంగతి తెలీదు," అన్నాడు.

"ఫ్యాన్ సంగతి?"

"అది మా ఇంట్లోదే."

ఆమె ఫ్యాన్ వైపు చూసింది. "నేను సారుకి థాంక్స్ చెప్పాను. ఆయన పర్లేదమ్మా అన్నారు."

"ఆయన ఎవరు దేనికి థాంక్స్ చెప్పినా పర్లేదమ్మా అంటారండీ."

"నేను కొలిచేటప్పుడు తిరిగేది. మీరు కొలిచేటప్పుడు?"

"ఆపేసేవాణ్ణి. మీరు లేనప్పుడు దేనికి, కరెంటు దండగ."

ఆమె నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వడం అదే మొదటిసారి. నేల మీద కూర్చున్నది కూర్చున్నట్టే, గోడకి చేరగిలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తన పెద్దోణ్ణి తన ఫ్యాన్‌తోనే ఓడించుకున్న మనిషి ఎదురుగా నిలబడి, తనూ నవ్వచ్చో లేదో తేల్చుకోలేకపోయాడు.

పెద్దసారు గదికి ఇద్దరూ వెళ్ళారు. ఆమె నోరు తెరిచేలోగా టర్బోయే మొదలుపెట్టాడు.

"సార్, ఫ్యాన్ నేను పెట్టాను. చూసుకోకుండా పెద్దోడి మీటరు వైపే గుచ్చాను. తప్పు నాది, ఆవిడ లెక్కది కాదు."

"ఫ్యాన్ ఎందుకు పెట్టావు?"

"ఆవిడకి ఉక్కగా ఉందని."

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకూ ఉక్కగానే ఉంటుంది. నాకెప్పుడూ పెట్టలేదే."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. పెద్దసారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "వెళ్ళి కొత్తగా కొలవండి. ఫ్యాన్ ఉండనీ, వేరే గోడ ప్లగ్గుకి గుచ్చు," అన్నాడు.

మధ్యాహ్నమంతా కొలిచారు. ఈసారి లెక్కలు అచ్చంగా కలిశాయి. అక్కడితో ఆగకుండా, పెద్దోడు ఇంతకు మించి తాగకూడదని ఆమె ఒక హద్దు పెట్టింది. టర్బో మొహం మాడ్చుకునే వేగం కొలిచాడు. కరెంటు మూడోవంతు తగ్గింది. వేగం మాత్రం ఆవగింజంతే తగ్గింది. అతను నమ్మలేక మళ్ళీ కొలిచాడు.

"ఆఖరి పిసరు వేగం కోసమే వీడు అంత తాగుతున్నాడు," అందామె. "కొంచెం ఆపితే బంగారం."

"చిన్నోడి కంటే ముందే ముగిస్తున్నాడు కూడా. అంటే మనిద్దరిదీ కరెక్టే."

"ఇద్దరిదీ సగం సగం తప్పే అని కూడా అనచ్చు."

స్టూడియోకి ఆ మాటే వెళ్ళింది: పెద్దోణ్ణి కొనండి, హద్దు పెట్టి వాడండి. ఆమె ఉద్యోగం ఖాయమైంది.

ఆ సాయంత్రం వాన ఆగలేదు. ఇద్దరూ మెట్ల దగ్గర చూరు కింద నిలబడ్డారు. గొడుగు ఆమె దగ్గరే ఉంది గానీ, విప్పలేదు.

"నిన్న జాలా అని అడిగాను," అందామె. "జాలి కాదన్నావు. మరేంటో చెప్పలేదు."

మీరు కాస్తా నువ్వయిందని టర్బో గమనించాడు. గుండె టర్బోలో పడింది.

"చెప్తాను. మధ్యలో కొలవకూడదు."

"సరే."

"నువ్వంటే నాకిష్టం. ఫ్యాన్ పెట్టినప్పుడు నాకే తెలీదు. కుర్చీ పోతుందన్నప్పుడు తెలిసింది. పెద్దోడు ఓడిపోయినా ఫర్వాలేదనిపించింది, నువ్వు రాని గదిలో నేను కూర్చోలేననిపించింది. అంతే."

ఆమె వాన వైపు చూసింది. "ఇంత తక్కువ మాటల్లో చెప్పగలవని నాకు తెలీదు," అంది. తర్వాత, "నాక్కూడా ఇష్టమే. ఎంతంటే చెప్పలేను, ఇంకా కొలవలేదు," అని గొడుగు విప్పింది. అది ఇద్దరికి చాలదు. ఇద్దరూ చెరో భుజం తడుపుకుంటూ వెళ్ళారు.

కొన్ని నెలల తర్వాత టర్బో ఆమె ఇంటికి వెళ్ళాడు. వాళ్ళ నాన్న గురించి ముందే హెచ్చరించింది. మనిషి లేని గదిలో దీపం వెలిగితే ఆయనకు అన్నం సహించదట. అమ్మ వంటింట్లోంచి ఒకసారి తొంగిచూసి, ఏ అభిప్రాయమూ లేని నవ్వు నవ్వి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం ఎదురుగా కూర్చుని ప్రశ్న తర్వాత ప్రశ్న వేశాడు. ఉద్యోగం, జీతం, ఇంట్లో వాళ్ళు. టర్బో అన్నిటికీ హద్దు పెట్టుకుని నిదానంగా జవాబులిచ్చాడు. ఆమె ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చుని నవ్వు ఆపుకుంది.

"అమ్మా, అబ్బాయికి కాఫీ తీసుకురా," అన్నాడు ఆయన కూతురితో. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది.

టర్బో కూడా లేచాడు. మాట్లాడుతూనే గోడ దగ్గరికి నడిచి, ఫ్యాన్ ఆపేసి, వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

రెక్కలు నెమ్మదించి ఆగాయి. గదిలో ఉక్క మొదలైంది. పెద్దాయన ఆగిన ఫ్యాన్ వైపు చూశాడు, కూతురు లేచి వెళ్ళిన ఖాళీ కుర్చీ వైపు చూశాడు, తర్వాత టర్బో వైపు చూశాడు. తనేం చేశాడో టర్బోకి అప్పుడు తెలిసింది. చెమట పట్టింది.

"నేనింకా ఇక్కడే ఉన్నాను బాబూ," అన్నాడు ఆయన.

"సారీ అంకుల్. అలవాటు," అంటూ టర్బో లేవబోయాడు.

"కూర్చో, ఫర్వాలేదు," అని ఆయన వంటింటి వైపు తల తిప్పి కేకేశాడు. "కాఫీ ఇద్దరికీ తీసుకురా అమ్మా, నువ్వూ వచ్చి కూర్చో. నువ్వొస్తే గానీ ఈ ఇంట్లో ఫ్యాన్ తిరిగేలా లేదు."