చంపని వేట

సింగపూర్ శివార్లలోని క్రాంజీలో మూతబడిన కోళ్ళఫారం ఒకటుంది. నెల రోజులుగా దానికి చెడ్డపేరు. చీకటి పడితే చాలు, ఆ రేకుల షెడ్డు చుట్టూ ఏదో తిరుగుతుందట... రోడ్డు దాకా వస్తుందట, ఆగుతుందట, మళ్ళీ వెనక్కి పోతుందట. పక్కనున్న కార్మికుల డార్మిటరీ కుర్రాళ్ళు ఆ దారిన నడవడం మానేశారు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇది మాత్రం అక్కడికి దగ్గర్లోని యూ టీ పేటలో, ఫ్లాట్‌లో నాతో గది పంచుకునే భరద్వాజ్ చెప్పింది.

వాడొక వేట షోకి కెమెరామన్. వేటంటే తుపాకీలుండవు. షో నడిపే సురేన్ మలేషియాలో రబ్బరుతోటల్లో పెరిగిన తెలుగువాడు, అతనికి జాడ పట్టడమే సరదా. అడుగులు వెతికి, గాలి ఎటుందో చూసుకుని, జంతువు కంటబడగానే దణ్ణం పెట్టి వచ్చేస్తాడు. చంపకూడదు, నటించకూడదు — ఈ రెండే అతని షరతులు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఐదు ఎపిసోడ్లయినా ఒక్క అడవిపందీ దర్శనమివ్వలేదు. అంతా యాక్టింగ్ అని జనం తిట్టిపోశారు. ఈసారి ఆ కోళ్ళఫారం దగ్గరా ఏమీ దొరక్కపోతే షో ఎత్తేస్తామన్నారు ఆఫీసువాళ్ళు. షోతో మావాడి ఉద్యోగం, ఉద్యోగంతో ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్... అన్నీ పోతాయి.

అందుకని వాడు సురేన్‌కి తెలియకుండా ఆ షెడ్డులో మట్టి కింద చిన్న స్పీకర్ దాచాడు.

రాత్రి పదకొండయింది. ఇద్దరూ గడ్డిలో బోర్లా పడుకున్నారు. దోమలు తప్ప ఏమీ రావడం లేదు. భరద్వాజ్ జేబులో చెయ్యి పెట్టి ఫోన్ నొక్కాడు.

షెడ్డులోంచి ఏడుపు... సన్నగా, తెగి తెగి... పందిపిల్ల ఏడుపు.

సురేన్ వాడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "అందులో పిల్లల్లేవు బ్రో... సాయంత్రం అంతా చూశాను."

గడ్డి కదిలింది. ఆగింది... మళ్ళీ కదిలింది — ఈసారి పరుగు.

వేడిని పసిగట్టే కెమెరా తెర మీద తెల్లటి ఆకారం. పెద్దది. ఊపిరి తగిలేంత దగ్గరగా వీళ్ళని దాటిపోయింది. వీళ్ళ వంక చూడనైనా చూడలేదు.

తల్లిపంది... తలుపుల్లేని షెడ్డులో దూరి రేకులు తోసింది, మట్టి తవ్వింది. స్పీకర్ని వాసన చూసి, ముక్కుతో మెల్లిగా కదిపింది... లేవమన్నట్టు. భరద్వాజ్ కంగారుపడి ఏడుపు ఆపేశాడు. అయినా అది పోలేదు. దాని పక్కనే ఒరిగి, తెల్లారేదాకా పడుకుంది.

సురేన్ కళ్ళు తుడుచుకున్నాడు. "చచ్చిన పిల్ల వచ్చి పిలిచింది బ్రో... తల్లికి వినిపించింది."

ఎపిసోడ్ బ్రహ్మాండంగా ఆడింది. ఇంత నిజాయితీ గల షో ఇంకోటి లేదని జనం రాశారు. మావాడికి వర్క్ పాస్ రెన్యూ అయింది. స్వీట్ల డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టాడు, ఒక్కటీ ముట్టలేదు. స్పీకర్ సంగతి నాకు చెప్పింది అప్పుడే.

నాకు నవ్వొచ్చింది. దెయ్యాలు కూడా బ్లూటూత్‌లోకి దిగాయన్నమాట అన్నాను. అంత చక్కటి ఏడుపు ఇంటర్నెట్‌లో ఎక్కడ దొరికిందని అడిగాను.

వాడు నవ్వలేదు. సిగ్గుపడ్డట్టూ లేదు, బాధపడ్డట్టూ లేదు. మనిషి మొద్దుబారిపోయాడు.

"ఇంటర్నెట్‌ది కాదురా" అన్నాడు. "కిందటి నెల... ఆ ఫారం ముందే ఓ పందిపిల్ల నా వ్యాన్ కింద పడింది. ఎప్పుడైనా పనికొస్తుందని — చచ్చేదాకా రికార్డ్ చేశాను."