బండి వెనక మొదటి అక్షరం

కారు వెనక పేరులో మొదటి అక్షరం పోయిన రోజు ఇంట్లో ముగ్గురూ దానికోసం వెతికారు. ఆ మోడల్ పేరు గామా. డిక్కీ మూత మీద వెండిరంగు ఇంగ్లీషు అక్షరాలు ఐదు విడివిడిగా అంటించి ఉండేవి: జి, ఏ, ఎమ్, ఎమ్, ఏ. ఆ ఉదయం చూస్తే జి లేదు. నాన్న వీధి చివరిదాకా వెళ్ళి చూసి వచ్చాడు. పిన్ని మోకాళ్ళ మీద వంగి, కారు కింద తల పెట్టి మరీ వెతికింది. ఎనిమిదేళ్ళ పిల్ల మాత్రం వెతకడం మానేసి, మిగిలిన అక్షరాలను కూడబలుక్కుంది.

"ఏ, ఎమ్, ఎమ్, ఏ... అమ్మ."

"ఏమిటీ? వినబడలేదు," అంది పిన్ని కారు కిందనుంచి. "ఇంకోసారి చదువు."

"అమ్మ."

పిన్ని లేచి చేతులు దులుపుకుంది. "పోతే పోయిందిలెండి. పిల్ల చదువుకి పనికొస్తోంది." కొత్తది తెప్పిస్తానన్నాడు నాన్న. కానీ ఊళ్ళో కార్లన్నిటికీ రంగులు వేసే మనిషికి సొంత కారు ఎప్పుడూ ఆఖరే. ఆ తెప్పించడం తెప్పించడంగానే ఉండిపోయింది. మర్నాటినుంచి బడికి వెళ్ళేటప్పుడు పిన్ని కొత్త నియమం పెట్టింది. బండి వెనక ఏముందో పైకి చదివితేగాని ఎక్కడానికి లేదు. పదేళ్ళొచ్చాక పిల్ల సిగ్గుపడి అలా చదవడం మానేసింది.

పిల్ల కన్నతల్లి పోయిన రెండేళ్ళకు, నాన్నను పెళ్ళాడి పిన్ని ఆ ఇంటికి వచ్చింది. వచ్చినరోజు చుట్టాలందరూ చుట్టూ చేరి, అమ్మా అని పిలువు, పిలువు అని వెంటపడ్డారు. పిల్ల పెదవి బిగించింది. "పిన్నీ అంటే చాలు. అందులో తక్కువేముంది?" అని ఆవిడే అడ్డుపడింది. ఆ తర్వాత పదిహేడేళ్ళలో ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు పిల్లకు ఇరవై మూడేళ్ళు. పిన్ని పోయి మూడు నెలలైంది. సోమవారం నుంచి పిల్ల కొత్త ఉద్యోగానికి ఆ కారు నడుపుకుంటూ వెళ్ళాలి. ఆదివారం ఉదయం కాఫీ గ్లాసు కింద పెట్టి, తండ్రితో మాట కదిపింది.

"నాన్నా, వెనక ఆ అక్షరాలు తీసెయ్యి."

"నాలుగక్షరాలు. నిన్నేం చేశాయవి?"

"ఆఫీసులో నవ్వుతారు. అమ్మ బండి వచ్చిందంటారు."

"అంటే అననీ. అమ్మ బండి కాకపోతే అత్త బండా?"

"నీకన్నీ వేళాకోళమే," అని ఆమె విసురుగా లేచింది. ఆయన గ్లాసు కడిగి బోర్లించి వాకిట్లోకి వచ్చేసరికి, ఆమె స్క్రూడ్రైవర్ మొనను మొదటి ఏ కిందకి దూర్చబోతోంది.

ముప్పై ఐదేళ్ళుగా కార్లకు రంగులు వేస్తున్న మనిషి. తన వేలికి ఇనుము గుచ్చుకున్నా అంత ఉలిక్కిపడడు. గబగబా వచ్చి ఆమె చేయి పట్టుకున్నాడు.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు గానీ, బ్రహ్మాస్త్రం పట్టుకున్న పిచ్చుకని ఇప్పుడే చూస్తున్నా. ఇలా తే."

పిచ్చుక అన్నది చిన్నప్పుడు ఆయన పెట్టిన పేరే. మామూలుగా అయితే నవ్వేది. ఇప్పుడు స్క్రూడ్రైవర్ వదలలేదు.

"ఆఫీసు వాళ్ళ కోసం కాదు కదూ?" అని అడిగాడు నెమ్మదిగా.

 ఆమె డిక్కీ మూతను చూస్తూనే చెప్పింది.

"ఆస్పత్రిలో ఆఖరి రోజు నర్సు వచ్చి, మీ అమ్మగారు పిలుస్తున్నారంది. అమ్మ కాదు, పిన్ని అన్నాను. ఊరికే, అలవాటుకొద్దీ. తలుపు తీసే ఉంది నాన్నా. పిన్నికి వినబడింది. నేను లోపలికి వెళ్ళేసరికి ముఖం కిటికీ వైపు తిప్పుకుని ఉంది. రోజూ గేటు తీయగానే ఇవి కనబడుతున్నాయి. నావల్ల కావడంలేదు."

నాన్న స్క్రూడ్రైవర్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.  "తీద్దాం. కానీ తీసే పద్ధతిలో తీద్దాం. నీ జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ పట్రా."

ముందు మూతను సబ్బునీళ్ళతో కడిగాడు. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా గీత పడుతుందన్నాడు. అక్షరాల చుట్టూ కాగితం టేపు అంటించాడు. "వేడి ఒకేచోట పట్టకు, తిప్పుతూ ఉండు. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత చాలు. జిగురు మెత్తబడాలి గానీ రంగు ఉడకకూడదు." తర్వాత నైలాన్ దారాన్ని రెండు చేతులకూ చుట్టుకుని అక్షరం వెనక్కి జారవిడిచి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగాడు. మొదటి ఏ ఆయన అరచేతిలో పడింది. మిగిలిన జిగురును ఆమె చేత బొటనవేలితో రుద్దించాడు. అది ఉండలు ఉండలుగా రాలిపోయింది.

"గోరు తగలనివ్వకు. తొందరేం లేదు. పదిహేనేళ్ళు పట్టుకున్నది పది నిమిషాల్లో వదలమంటే వదులుతుందా?"

రెండు ఎమ్‌లూ వచ్చేశాయి. చివరి ఏ దగ్గర దారం పుటుక్కున తెగింది.

"షెడ్డులో ఇంకోటి లేదు. మీ పిన్ని కుట్టు డబ్బాలో బొత్తాలు కుట్టే లావు దారం ఉంటుంది. చూడు."

ఆ బిస్కెట్ల డబ్బాను మూడు నెలలుగా ఎవరూ తెరవలేదు. పైన సూదుల కాగితం, కొలత టేపు, రంగు రంగుల దారాలు. అడుగున బొత్తాల కింద గుడ్డముక్కలో చుట్టినదేదో గట్టిగా తగిలింది. విప్పి చూసింది. వెండిరంగు జి. దాని నడుముకు లావు దారం ముక్క ఇంకా చుట్టే ఉంది.

వాకిట్లోకి తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. "దొరికిందన్నమాట పిన్నికి. మనకి చెప్పనేలేదు."

నాన్న కళ్ళజోడు నుదుటి మీదనుంచి దించుకుని జిని వెనక్కి తిప్పాడు. చాలాసేపు చూశాడు.

"దొరికింది కాదు ఇది. ఊడిపడితే జిగురు చిరిగినట్టు ఉంటుంది. ఇదిగో, కోసినట్టు ఉంది. గీతలు చూడు. దారంతో తీసింది."

"ఎవరు?"

"అప్పట్లో మీ పిన్ని ఒకసారి షెడ్డుకొచ్చి అడిగింది. రంగు పోకుండా అక్షరం ఎలా తీస్తారండీ అని. ఎవరి బండికో అనుకుని చేసి చూపించాను." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "అప్పుడే అనుమానం రావాల్సింది నాకు. బండి మీద ఒక్క గీత లేదు. నాకన్నా శుభ్రంగా తీసింది."

ఆమెకు మోకాళ్ళ మీద వంగి కారు కింద తల పెట్టిన మనిషి గుర్తొచ్చింది. లేని వస్తువుకోసం అంతసేపు ఎందుకు వెతికిందో, వినబడిన మాటను ఎందుకు వినబడలేదందో, బడికి వెళ్ళే ప్రతి ఉదయం బండి వెనక ఎందుకు నిలబెట్టిందో ఒకదాని వెంట ఒకటి తెలిసివచ్చాయి. మెట్టు మీద కూలబడి జిని గుప్పిట్లో పట్టుకుని ఏడ్చింది. నాన్న పక్కనే కూర్చున్నాడు. చేతికి జిగురుందని భుజం మీద మోచేయి ఆనించాడు.

"అడిగి పిలిపించుకోవడం ఆవిడకిష్టం లేదు. చదివిస్తే తప్పులేదనుకుంది కాబోలు."

"ఆస్పత్రిలో నేనన్నది విన్నది కదా నాన్నా."

"విన్నదేమో. బాధ పడలేదని నేను చెప్పలేను. కానీ రెండేళ్ళపాటు రోజూ పొద్దున్నే విన్నది కూడా ఉంది కదా. అదీ లెక్కేసుకో."

కాసేపటికి ఆమె ముఖం కడుక్కుని బండి దగ్గరికి వచ్చింది. అక్షరాలు తీసిన మూడు చోట్లా రంగు ముదురు నీలంగా, కొత్తగా మెరుస్తోంది. చుట్టూ ఉన్న నీలం ఎండకు వెలిసిపోయింది. ఏ, ఎమ్, ఎమ్. ఆ ఆకారాలు అంచులతో సహా అలాగే ఉన్నాయి. చివరి ఏ మాత్రం ఇంకా అంటుకునే ఉంది.

"పాలిష్ పడితే పోతుంది. ఒక పూట పని," అన్నాడు నాన్న. "పట్టమంటావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "జి అంటించమంటావా?" అంటే దానికీ ఊపింది. ఆయన టేపు చుట్టుకుంటూ షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ఆమె ఒక్కతే నిలబడి, నాలుగక్షరాలూ వేలితో చూపించుకుంటూ పైకి చదివింది. ఇంకోసారి చదవమనేవాళ్ళు లేరు. తనే మళ్ళీ చదివింది.

సోమవారం ఉదయం బండి తీసేముందు వెనక్కి వెళ్ళి చదివి ఎక్కింది. ఊడిన అక్షరాలు మూడూ ఇప్పుడు జితో కలిసి కుట్టు డబ్బాలో ఉన్నాయి. చివరి ఏ తీయడం, పాలిష్ పట్టడం ఇంకా మిగిలే ఉన్నాయి.