పెద్దపూల టాపు

ఆ గుడ్డను చూడగానే మనోరమకు నవ్వొచ్చింది. తెల్లటి కాటన్ మీద అప్పడాలంత నారింజ పూలు, వాటి చుట్టూ నల్లటి గీతలు. జహీరాబాద్ బజారులో దుకాణమతను "పర్దాలకు మస్తుగుంటది" అని చూపించాడు. మనోరమ రెండు గజాలు కోయించుకుంది. పర్దాకు కాదు, తనకు.

అప్పుడు ఎనభై నాలుగో సంవత్సరం. మనోరమ చిరాగ్‌పల్లి కుట్టు సెంటర్లో టీచరు. రెండేళ్లుగా రైకలు, లంగాలు నేర్పి నేర్పి విసుగొచ్చి, ఈసారి తనకోసం ఏదైనా కొత్తగా కుట్టుకోవాలనుకుంది.

ఆదివారం పొద్దున గుడ్డను నేల మీద పరిచింది. ముందొక చదరపు ముక్క, వెనకొకటి. నడుం దగ్గర నొక్కుల్లేవు, వేరే చేతుల్లేవు. భుజాలు కలిపి, మెడను పడవలా కోసి, చేతులు దూరేంత వదిలి పక్కలు కుట్టేస్తే అయిపోతుంది. కష్టమంతా ఆ పూలతోనే. ఎటు మడిచినా ఒక పువ్వు వచ్చి సరిగ్గా ఛాతీ మధ్యలో కూర్చునేది. గంటసేపు గుడ్డను జరిపి జరిపి, చివరికి ఆ పువ్వును ఎడమ భుజం మీదికి ఎక్కించింది. పక్క కుట్టు దగ్గర సగం పువ్వుకు సగం పువ్వు అతికేలా గుండుసూదులు గుచ్చి, అప్పుడు కత్తెర పట్టింది.

సాయంత్రానికి టాపు తయారైంది. తల్లి మహాదేవమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"ఏందే ఇది, సంచి కుట్టినవా? ఇందుల ఇంకో మనిషి గూడ పడుతది."

"గాలి ఆడాలెనని గట్ల కుట్టిననే అమ్మా."

సోమవారం పొడుగు స్కర్టు మీద ఆ టాపు వేసుకుని, సెంటరుకు పోయే బస్సు కోసం జహీరాబాద్ బస్టాండుకు వెళ్లింది. బస్సు కదులుతోందని పరుగెత్తి ఎక్కింది. అంతలో మైకు గరగరలాడింది.

"చిరాగ్‌పల్లి బస్సుల ఎక్కిన పెద్దపూల టాపు మేడమ్! మీ టిఫిన్ డబ్బా బెంచి మీద మర్శిపోయిన్రు. ఎంక్వయిరీల ఉన్నది, జర వచ్చి తీస్కపోండ్రి!"

బస్టాండంతా తలతిప్పి చూసింది. కండక్టరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. మనోరమ మండిపోతూ దిగి ఎంక్వయిరీ కిటికీ దగ్గరికి వెళ్లింది. లోపల మైకు ముందు కళ్లద్దాల సన్నటి యువకుడు కూర్చున్నాడు.

"పేరు తెల్వకుంటే గట్ల బట్టల పేరు పెట్టి పిలుస్తరా?"

మైకులో అంత గట్టిగా మోగిన గొంతు ఇప్పుడు పీలగా వచ్చింది. "పేరు... తెల్వదు మేడమ్."

"మనోరమ!"

"మంచిది," అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలిసినట్టు లేదు. డబ్బా అందిస్తూ కూడా టాపు మీంచి చూపు తిప్పలేదు. మనోరమ డబ్బా లాక్కుని వచ్చేసింది.

వారం తిరక్కుండానే సెంటర్లో ఆడవాళ్లు సైతం "పెద్దపూల టీచరమ్మా" అనడం మొదలుపెట్టారు. టాపు పెట్టె అడుక్కి చేరింది.

పదిహేను రోజులకు, ముసురు పట్టిన సాయంత్రం, ఆ ఎంక్వయిరీ యువకుడు మనోరమ ఇంటికే వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం, తలంతా తడి.

"నేను విరూపాక్ష. బస్టాండ్ల... మీ టాపు ఒక్కపారి చూపిస్తరా?"

ఆమె తలుపు మూయబోయింది.

"మా అక్క కోసమండి! బస్వమ్మక్క బాయికాడ జారి పడ్డది. భుజం దాంక సిమెంటు కట్టు కట్టిన్రు. రైక తొడుగస్తలేదు. నెల దినాలాయె, దుప్పటి కప్పుకొని ఇంట్లనే కూసున్నది. మీ టాపు చూడంగనే, గసొంటిదైతే పడుతదనిపిచ్చింది."

మనోరమ చెయ్యి తలుపు మీద ఆగిపోయింది. "అంటే ఆ దినం మీరు చూసింది టాపునేనా?"

"అవు. టాపునే."

కోపం దిగిపోయింది. దాని చోట మనసు కాస్త చివుక్కుమంది. 'నన్ను కాదన్నమాట' అనుకుని, అలా అనుకున్నందుకు తనమీద తనకే నవ్వొచ్చింది.

పొట్లం విప్పితే ఆకుపచ్చ గుడ్డ మీద అరచేయంత ఎర్ర చిలకలు.

"గింత పెద్ద చిలకలా?"

"మీది చూసినంక చిన్నయి కండ్లకు ఆనలే."

కట్టున్న వైపు భుజమూ పక్కా కుట్టకుండా నాడాలు పెట్టి, మనోరమ తానే తీసుకెళ్లి తొడిగింది. బస్వమ్మ అద్దంలో చూసుకుని, నెల తర్వాత మొదటిసారి బయటికొచ్చి వాకిట్లో కూర్చుంది.

"మావోడు రోజూ నీ ముచ్చటే చెప్తడు బిడ్డా," అంది.

"టాపు ముచ్చటనా అక్కా?"

"టాపు ముచ్చట రెండు దినాలల్లనే ఒడిసిపోయింది."

ఆ వానాకాలం చిరాగ్‌పల్లి నుంచి మనోరమ దిగే బస్సు ఎప్పుడాలస్యమైనా, ఎంక్వయిరీ కిటికీ మీద ఒక చాయ్ కప్పు సాసరు మూతతో ఎదురుచూసేది. హైవే మీద లారీలు నీళ్లు చిమ్ముకుంటూ పోయేవి. ఇద్దరూ కిటికీకి అటొకరు ఇటొకరు, పెద్దగా మాటల్లేకుండానే గంట గడిపేసేవాళ్లు.

శ్రావణంలో కోహీర్ నుంచి మనోరమకు సంబంధం వచ్చింది. తండ్రి సంగయ్య సగం మాట ఇచ్చేశాడు.

"వచ్చి మా నాయిన్ను అడుగుతరా?" అంది మనోరమ.

"అడుగుత," అన్నాడు విరూపాక్ష.

ఆదివారం అక్కతో వచ్చాడు. రెండుసార్లు మంచినీళ్లు తాగాడు.

"ఏం పని మీద వచ్చిన్రు?" అన్నాడు సంగయ్య.

"ఊకెనే... బస్సుల టైమ్ ఏమన్న కావాల్నేమో అని..."

బస్వమ్మ నెత్తి కొట్టుకుంది. ఆమె నోరు తెరిచేలోగా మనోరమే లోపలి నుంచి వచ్చింది.

"నాయినా, ఆయన నన్ను అడుగనీకె వచ్చిండు. నోరు లేస్తలేదు. నాకు గూడ ఇష్టమే. కోహీరోళ్లకు వద్దని చెప్పు."

సంగయ్య కూతురివైపు తిరిగాడు.

"మాటిచ్చినోన్ని బిడ్డా. కాయితం రాసి ఊకుంటే మర్యాద గాదు. నేనే పోయి, తిట్లు పడి రావాలె."

విరూపాక్ష లేచి నిలబడ్డాడు. ఈసారి గొంతు తడబడలేదు. "నేను గూడ వస్త. తిట్టేది నన్ను తిట్టమంట."

మర్నాడు తెల్లారి ఇద్దరూ కోహీర్ బస్సెక్కారు. మనోరమ సెంటరుకు పోలేదు. పొద్దంతా మిషన్ ముందు కూర్చుంది, ఒక్క కుట్టూ పడలేదు.

చీకటి పడుతుండగా ఇద్దరూ నిలువెల్లా తడిసి వచ్చారు. ముఖాలు చూస్తే ఏమీ అంతుచిక్కలేదు. సంగయ్య గడపలో చెప్పులు విడిచి కూతుర్ని పిలిచాడు.

"మనూ, తువ్వాల తేపో. ముందుగాల ఆయనకియ్యి, తిట్లన్ని ఆయనే పడ్డడు."