చాటింపుకు ముందే

"మన దేశంలో విమానాలు లేవా మే? నువ్వు దక్షిణాఫ్రికాకు పోయే నేర్చుకోవాల్నా?"

భోజనానికి కూర్చున్న మునిశేఖర్ కూతుర్ని ఆ మాట అడగడం అది నాలుగోసారి. బ్యాంకు అప్పు కాగితం అతని పక్కనే మజ్జిగ చెంబు కింద ఉంది. దాని మీద తండ్రి సంతకం పడితే రూపశ్రీ వచ్చే మంగళవారం బయలుదేరుతుంది. పడకపోతే అక్కడి సీటు ఇంకొకరికి పోతుంది.

"ఉండాయి నాయనా. మా బడిలో నాలుగు విమానాలు, తొంభై మంది పిల్లోళ్లు. నాలుగింట్లో రెండు ఎప్పుడూ రిపేర్లోనే ఉంటాయి. నేర్పించే సార్లు ముగ్గురే. చలికాలం మంచు, ఆ తర్వాత వాన. లైసెన్సుకు రెండొందల గంటలు ఎగరాల. ఏడాదిన్నరకు నాకైంది నలభై ఒకటి. ఆడ విమానాలు ఎక్కువంట, ఆకాశం తేటగా ఉంటాదంట. ఏడాదిలోపే అయిపోతాది."

"నీతో చేరిన ఆ నాయుడుపేట పిల్లోడు నూరు గంటలు దాటినాడని నువ్వే చెప్పినావే. వాడికి పడని వాన నీకొక్కదానికే పడిందా?"

రూపశ్రీ తల వంచుకుంది. దానికి జవాబుంది. కానీ ఆ పిల్ల చెప్పలేదు. రసం గిన్నె పట్టుకుని వంటింటి గడపలో నిలబడిన తల్లి కోమలికి ఆ మౌనం ఎవరి కోసమో తెలుసు...

నిరుడు ఇదే రోజులు. గంగమ్మ జాతర దగ్గర పడుతోంది. పిల్ల మధ్యప్రదేశ్‌లోని ఆ శిక్షణ కేంద్రానికి వెళ్లి ఆరు నెలలైంది. ఇంట్లో మూడు కంచాలకు బదులు నాలుగు కంచాలు వేసి, ఒకటి మళ్లీ గూట్లో పెట్టే అలవాటు కోమలికి ఇంకా పోలేదు. జాతరకు రమ్మంటే రానంటుంది. అందుకే ఫోన్లో ఒక అబద్ధం చెప్పింది. 'అవ్వకు ఒంట్లో బాగలేదమ్మా, ఒకసారి చూసిపో' అని. పిల్ల రెండు రైళ్లు మారి, నిద్ర లేని కళ్లతో వచ్చింది. ఆ రాత్రే చాటింపు వేశారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరి వాళ్లు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదు. అవ్వ నాగులమ్మ ఆ కట్టు తప్పనివ్వదు. అది తెలిసే కోమలి ఆ రోజు చూసి పిలిపించింది. వారం రోజులు కూతురు ఇంట్లో ఉంటుందనుకుందే కానీ, ఆ వారంలోనే విమానం నడిపే దాని వంతు వచ్చిందనీ, వంతు తప్పితే వరస చివరికి పోవాలనీ ఆమెకు తెలియదు. పిల్ల తిరిగి వెళ్లేసరికి ఒక విమానం రిపేరుకు పోయింది. రెండోది దొరికేలోపు వానలు పట్టుకున్నాయి. అట్లా పోయిన ఏడాది మళ్లీ చేతికి రాలేదు.

కోమలి గిన్నె కింద పెట్టింది.

"దాన్నేమీ అనొద్దండి. ఆ వంతు పోగొట్టింది నేను."

"అమ్మా, వద్దులే," అంది రూపశ్రీ.

"ఎందుకు వద్దు? ఏడాదిగా నీ మీద వేసుకొని మోస్తా ఉండావు, చాలు." ఆమె గొంతు పెరగలేదు. అలసిపోయిన గొంతు అది. "అత్తకు బాగలేదని అబద్ధం చెప్పి పిలిపించినాను. ఊరికే, చూడాలనిపించి... చాటింపు పడితే ఇంక పోలేదులే అని."

పీట మీద చింతపండు గింజలు తీస్తున్న నాగులమ్మ చెయ్యి ఆగింది.

"నన్ను మంచాన పడేసినావా మే? అందుకేనా అది వచ్చీరాంగానే నా చెయ్యి పట్టుకొని అంత ఏడ్చింది? నేనింకా నా మీద ఎంత ప్రేమో అనుకొని జాతరకు దానికి చీర కూడా తెచ్చిస్తి."

మునిశేఖర్ ఇరవై రెండేళ్లుగా ఆర్టీసీ డ్రైవరు. చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

"డిపోలో చార్టులో పేరుంటే సరిపోదు," అన్నాడు. "బస్సు లేకపోతే డ్యూటీ పడదు. డ్యూటీ పడినరోజు మనిషి లేకపోతే ఇంకొకడు ఎక్కేస్తాడు. ఇది ముందే చెప్పింటే నేను దాన్ని ఇన్ని మాటలు అందునా?"

చెయ్యి కడుక్కుని వచ్చి, చెంబు పక్కకు జరిపి, తడి పడిన మూల తప్పించి సంతకం పెట్టాడు.

మంగళవారం వచ్చింది. ఆ రాత్రికే చాటింపు. విమానం బుధవారం తెల్లవారుజామున, చెన్నైలో. కోమలి ముందు రోజే వెళ్లి అక్కడే ఉండే చెల్లెలు అమల ఇంట్లో పడుకుని, కూతుర్ని సాగనంపాలనుకుంది. జాతరకు తిరిగి రావాల్సిన మనిషికి ఇప్పుడు అది కుదరదు. మునిశేఖర్‌కు ఆ పూట చెన్నై డ్యూటీ పడింది. డ్యూటీలో ఉన్న డ్రైవర్లను గంగమ్మ ఏమీ అనదని నాగులమ్మ ఏనాడో తీర్పు చెప్పేసింది. కోడళ్లకు ఆ తీర్పు లేదు.

"మధ్యాన్నం వాళ్ల నాయన బస్సుకే పోనీండి. చాటింపుకు ముందే పొలిమేర దాటాల," అంది నాగులమ్మ, మనవరాలి నుదుట కుంకుమ పెడుతూ. తర్వాత కోడలి వైపు చూసి, "నీకు పోవాలనుంటే పో మే. నేనేమీ అనను," అంది మెల్లగా.

కోమలి తల అడ్డంగా ఊపింది. "నిరుడు ఈ కట్టుతో దాన్ని నిలబెట్టింది నేనే. ఈ ఏడు నేను నిలబడతాలే అత్తా."

చెప్పులు వేసుకుంటూ రూపశ్రీ తల్లి చెవి దగ్గరికి వంగింది. "నిరుడు గుమ్మంలోనే నాకు తెలిసిపోయిందమ్మా. అవ్వ రోట్లో కారం దంచుతా ఉన్నింది."

"మరి అడగలేదే?"

"నువ్వు కంచం కడిగి పెట్టి కూర్చోనున్నావు. ఎట్ల అడిగేది?"

కోమలి వంగి, కూతురి సంచిలో చింతకాయ తొక్కు సీసా సరిగా ఉందో లేదో మళ్లీ ఒకసారి చూసింది.

నాలుగున్నరకు ఫోన్ మోగింది. వెనకాల బస్సు హారను. "పుత్తూరు దాటినామమ్మా. నాయన నన్ను బస్సులో వాళ్లందరికీ చూపించి పైలట్ అని చెప్తా ఉండాడు."

"పొలిమేర దాటిందా?" అడిగింది నాగులమ్మ పీట మీద నుంచి.

"ఎప్పుడో దాటింది అత్తా."

"అయితే రా, వేపాకు కట్టు. పొద్దు పోతాండాది."

కోమలి స్టూలు ఎక్కి వేపమండల తోరణం గుమ్మానికి కట్టింది. దిగి, గడపకు లోపలి పక్కన నిలబడి, వీధి చివరి దాకా చూసింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి, తనకూ అత్తకూ రెండు కంచాలే తీసింది.