ఎగువ రేవు

"మహారాజరాజశ్రీ డిప్యూటీ కలెక్టరు దొరవారి దివ్య సముఖమునకు, దీనాతిదీనులమైన మేము తమ పాదధూళిని శిరస్సున దాల్చి..."

ఆశీర్వాదం గొంతు సవరించుకుని చదువుతుంటే వెనక వరసలోంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది.

రాజమండ్రిలో మిషను చదువు ముగించి, రామచంద్రపురం దగ్గరి ఆ పాలేనికి మేష్టరుగా వచ్చి అతనికి నెలయింది. పాలెం వాళ్ళు ఊరి చెరువు ముట్టుకోకూడదు. వాళ్ళకున్నది కాలువ మీద దిగువ రేవు ఒక్కటే. పైన ఊరి గేదెలు మునిగి లేచిన నీళ్ళే వాళ్ళ కుండల్లోకి వచ్చేవి. నిరుడు వాంతిభేదికి నలుగురు పోయారు. గేదెలకు ఎగువన తమకొక రేవు ఇప్పించమని అడగడానికే ఈ అర్జీ.

"ఎవరండీ ఆ నవ్వింది?"

"నేనేనండి," అంటూ ఒకమ్మాయి లేచింది. అబ్రహాము కూతురు సూరమ్మ. ఊడ్పులకెళ్ళే ఆడవాళ్ళ జట్టుకు ఆమే పెద్ద. "అందులో నీళ్ళెక్కడున్నాయండి మేష్టారూ?"

"జలము అని రాశాను. మీరు సరిగా విన్నట్టు లేదు."

సూరమ్మ చటుక్కున వెనక్కి తిరిగి చూసింది. "'మీరు' అన్నది ఎవరినండి? నా వెనకాల ఎవరూ లేరే!"

ప్రార్థన పాక గొల్లుమంది. ఆశీర్వాదం చెవులు కందిపోయాయి.

"పాదాల దుమ్ము మాకు బోలెడుందండి. కావలసింది మంచినీళ్ళు. అదే రాయండి."

"సరే, మీరే చెప్పండి. రాస్తాను."

ఈసారి ఆమె నవ్వలేదు. కాసేపు ఆలోచించి నెమ్మదిగా చెప్పింది. "అయ్యా, ముందు గేదెలు మునుగుతున్నాయి, తరవాత మేం తాగుతున్నాం. ఒక్క పూట ఆ నీళ్ళు తాగి చూసి, తమరే తీర్పు చెప్పండి."

అతను ఒక్క అక్షరం మార్చకుండా రాసుకున్నాడు.

చుట్టుపక్కల పాలేల వాళ్ళవీ అవే కష్టాలు. వాళ్ళ చేత కూడా వేలిముద్రల నిశానీలు పెట్టించడానికి ఇద్దరూ అబ్రహామును వెంటబెట్టుకుని గట్లంట తిరిగారు. ఒకనాడు వాన పట్టుకుంది. ముసలాయన ఒక గొడుగుతో ముందు నడుస్తున్నాడు. ఆశీర్వాదం తన తాటాకు గొడుగును కాగితాల మూట మీద పట్టి తాను తడుస్తున్నాడు.

"మీకు జ్వరమొస్తే రాసేదెవరండి? ఇలా రండి," అని సూరమ్మ తన గొడుగు అతని వైపు వంచింది.

అతను జానెడు జరిగాడు. దారి తొందరగా అయిపోయిందని ఆ రోజు అతనికి మహా బాధ కలిగింది.

అర్జీ పంపి నెల దాటినా జవాబు లేదు. ఊడ్పులొచ్చేశాయి.

"ఇంకొకటి రాద్దాం," అన్నాడు ఆశీర్వాదం.

"మీరు రాయండి. మేం కూర్చుంటాం," అంది సూరమ్మ.

అన్నట్టుగానే మర్నాటి నుంచి మూడు పాలేల ఆడవాళ్ళూ చేలోకి దిగలేదు. ఇళ్ళలో గంజి పలచబడింది. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు పోశారు. నాలుగో రోజు పొద్దున్నే పెద్ద రైతు సత్తిరాజుగారు పాలెం ముందు బండి ఆపారు.

"నారు ముదిరిపోతోంది! ఈ తిరుగుబాటు నేర్పిందెవరు? ఆ అర్జీ రాసిందెవరు? పాదిరిగారికి చెప్పి వాణ్ణి ఊరు దాటిస్తాను!"

"నేనే రాశానండి," అంది సూరమ్మ.

"నేను కూడానండి," అంది పాపాయమ్మ. ఆమెకు డెబ్బయ్యేళ్ళు.

"సగం నాదండి," అంది పక్కావిడ. ఆ వెనక ఇరవై గొంతులు లేచాయి. అంతమందిలో ఒక్కరికీ అక్షరం ముక్క రాదని సత్తిరాజుగారికి తెలుసు. కోపంగా ఉండాలనుకున్న ఆయన మీసం కిందనుంచి నవ్వు తన్నుకొచ్చింది.

ఆశీర్వాదం ముందుకొచ్చాడు. "రాసింది నేనండి."

"చెయ్యి ఆయనదండి, మాట మాది," అంది సూరమ్మ, అతనికి అడ్డంగా నిలబడి. "ఎగువ రేవుకు తమరు కూడా ఒప్పుకుంటున్నట్టు సంతకం చెయ్యండి. మధ్యాహ్నానికి చేలో ఉంటాం."

సత్తిరాజుగారు నారుమడి వైపు చూశారు. ఆడవాళ్ళ వైపు చూశారు. "కలం తీసుకురావయ్యా," అన్నారు.

ఆ సంతకం చూశాక కాలువ ఓవర్‌సీరు అనుమతి పది రోజుల్లో వచ్చింది. మెట్లు పాలెం వాళ్ళే తవ్వుకున్నారు. మొదటి కుండ పాపాయమ్మ ముంచింది.

ఆ సాయంత్రం జనమంతా వెళ్ళాక సూరమ్మ గట్టు మీద ఆగింది.

"మిషను వాళ్ళు మిమ్మల్ని వేరే ఊరి బడికి మారుస్తారటగా?"

"నేను వెళ్ళను."

"ఎందుకో?"

అతను కాలువ కేసి చూశాడు. గట్టు కేసి చూశాడు.

"పాలెమందరి కోసం గొంతెత్తారు, మీ కోసం నోరు పెగలదేంటండి?"

"సూరమ్మగారూ, నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె మొహమంతా సిగ్గు కమ్మింది. "మా నాన్ననడగండి."

"ఆయన ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకున్నాడు లెండి. నిన్ననే అడిగాను."

కార్తీకంలో ఓ ఆదివారం పాదిరిగారు మిషను గుడిలో తారీకుతో సహా పెళ్ళి ప్రకటన చదివి, "అభ్యంతరమున్నవారు ఇప్పుడే చెప్పవలెను," అన్నారు.

"నాకుందండి," అంటూ పెళ్ళికూతురే లేచింది. గుడంతా ఆమె వైపు తిరిగింది. "ఆ తారీకు కోతల్లో పడిందండి. మా జట్టులో ఒక్కళ్ళూ రాలేరు. వాళ్ళు లేకుండా నా పెళ్ళేంటండి? కోతలయ్యాక పెట్టండి."

పాదిరిగారు కళ్ళద్దాల మీదుగా పెళ్ళికొడుకును చూశారు. "ఏమంటావు ఆశీర్వాదం?"

రెండు నెలలు! ఆశీర్వాదానికి అవి రెండేళ్ళలా తోచాయి. అయినా లేచి నిలబడి, ఆడవాళ్ళ వరసలన్నిటినీ ఒకసారి చూసి అన్నాడు:

"వాళ్ళందరూ వస్తేనే నాక్కూడా పెళ్ళిలా ఉంటుందండి."