లమీస్‌ని పిలిచిన సినిమా

జపాన్ సినిమాల మీద నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. అలెగ్జాండ్రియాలో వాటిని వినే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి ఒక నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ని. మా ఈజిప్టు సినిమాలో దెయ్యం వస్తే ముందు తలుపులు కొట్టుకుంటాయి, తర్వాత వయొలిన్లు మోగుతాయి, ఆ తర్వాత హాస్యనటుడు మంచం కింద దూరతాడు. అమెరికా దెయ్యానికి తొందరెక్కువ, ఒక్క అరుపు అరిచి వెళ్లిపోతుంది. కొరియా వాళ్లు భయపెడుతూనే ఏడిపిస్తారు. జపాన్ వాళ్ల దెయ్యం మాత్రం ఏమీ చెయ్యదు. గదిలో ఒక మూల కూర్చుంటుంది. మనం చూసేదాకా ఆగుతుంది. ఆ ఆగడం నాకు చాలా ఇష్టంగా ఉండేది.

నాకు ట్రాం లైను పక్కన చిన్న కళ్లద్దాల దుకాణం ఉంది. నా భార్య ఇనాస్ ఆసుపత్రిలో మందుల విభాగంలో పనిచేస్తుంది. ఆవిడకి సినిమా అంటే కథ ఉండాలి. "రెండు గంటల్లో ఒక ముసలాయన ఆపిల్ పండు చెక్కు తీశాడు. ఇదేనా సినిమా? నేను వంటింట్లో రోజూ చేస్తున్నా, నన్ను చూడవేం?" అనేది.

మా ఇద్దరికీ ఇంకో పాత గొడవ ఉంది. సినిమా నడుస్తుండగా మసీదు నుంచి అజా వినిపిస్తే ఇనాస్ సినిమా ఆపేస్తుంది. నేను మ్యూట్ మాత్రమే నొక్కుతాను. బొమ్మ నడుస్తూనే ఉంటుంది. "దేవుడి పిలుపు వినిపిస్తుంటే నీ కళ్లు ఎక్కడున్నాయయ్యా?" అని ఆవిడ దెప్పుతుంది. "చెవులిచ్చాను కదా, సరిపోదా?" అని నేను నవ్వేసేవాణ్ని. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా అమ్మాయి లమీస్‌కి ఏడేళ్లు. అప్పటికి బరువు పదహారు కిలోలు. తినదు. రోగమేమీ లేదు, మొండితనమూ కాదు, తిండి చూస్తే దాని గొంతు మూసుకుపోతుంది, అంతే. పిల్లల డాక్టరు మర్వత్ గారు ఏప్రిల్ మొదట్లోనే చెప్పేశారు: "ఈ నెలాఖరుకి ఒక కిలో అయినా పెరగాలి. లేకపోతే ఆసుపత్రిలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేసి పెడతాం." ఆ మాట విన్న రోజు ఇనాస్ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను పక్కనే నిలబడి గోడకేసి చూశాను.

ఒక్కటే దారి దొరికింది. నా జపాన్ సినిమాల్లో ఇంట్లో వాళ్లు కూర్చుని తింటూ ఉంటారు. తింటూనే మాట్లాడతారు, మాటలు లేకపోయినా తింటారు. ఆ దృశ్యాలొచ్చినప్పుడు లమీస్ తెలియకుండానే రెండు చెంచాలు మింగేది. వెంటనే పాత సామాన్ల బజారులో డిస్కులమ్మే జైన్‌హుం దగ్గరికి పరుగెత్తాను.

"తిండి ఉన్న జపాన్ సినిమా కావాలి. దెయ్యాలొద్దు."

"ఇన్నాళ్లూ దెయ్యం లేదని గొణిగినవాడివి, ఇవాళ దెయ్యం వద్దంటున్నావా! ఒంట్లో బాగానే ఉందా వగ్దీ?" అని నవ్వాడు. తర్వాత బల్ల కిందనుంచి ఒక డిస్కు తీశాడు. పేరు లేదు, బొమ్మ లేదు. "నేను గంట చూశాను. ఒకావిడ వండుతుంది, పెడుతుంది, మళ్లీ వండుతుంది. నాకు ఆకలేసి లేచిపోయాను. తీసుకుపో, పాపకి నా కానుక."

మర్నాడు ఖమాసీన్ గాలి లేచింది. ఎడారి మొత్తం ఊరి మీదికి వచ్చినట్టు ఆకాశం పసుపు రంగులోంచి ఇటుక రంగుకి తిరిగింది. బడులకి సెలవిచ్చారు. నేను దుకాణం మూసేసి కిటికీల చెక్క తలుపులన్నీ వేసి, సందుల్లో తడి తువాళ్లు కుక్కాను. అయినా దుమ్ము లోపలికి వస్తూనే ఉంది. నాలుక మీద మట్టి రుచి. మధ్యాహ్నం మూడింటికే దీపం వెయ్యాల్సొచ్చింది. తర్వాతి డ్యూటీకి రావాల్సిన వాళ్లు రాలేదని ఇనాస్‌ని ఆసుపత్రిలోనే ఆపేశారు. ఫోన్లో ఒకటే మాట: "అన్నం, ములూఖియా ఆకుల చారు పొయ్యి మీదున్నాయి. దానికి ఎలాగైనా పెట్టు."

లమీస్ టీవీకి ఎదురుగా తివాచీ మీద కూర్చుంది. ఒళ్లో పళ్లెం. నేను వెనక సోఫాలో కూర్చుని డిస్కు పెట్టాను.

నలుపు తెలుపు సినిమా. పేర్లు పడలేదు. సంగీతం లేదు. ఒక చెక్క ఇల్లు, నలభై ఏళ్ల స్త్రీ. అన్నం వార్చింది. చిన్న బల్ల మీద రెండు గిన్నెలు పెట్టింది. కూర్చుని, గడపవైపు తిరిగి బిడ్డని పిలిచినట్టు ఒక పేరు పిలిచింది. ఎవరూ రాలేదు. కాసేపు చూసి, గిన్నెలు తీసేసింది. మళ్లీ తెల్లారింది. మళ్లీ వండింది, మళ్లీ పెట్టింది, మళ్లీ పిలిచింది.

కెమెరా కదలదు. రాని బిడ్డని ఒక్కసారి కూడా చూపించడు. ఎవడు తీశాడో గానీ మొనగాడు అనుకున్నాను. నోటు పుస్తకం అందుకుని రాస్తున్నాను కూడా. అంతలో చెంచా చప్పుడు. లమీస్ తనంతట తాను తింటోంది. ఒకటి... రెండు... మూడు చెంచాలు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కదిలితే ఎక్కడ ఆగిపోతుందోనని ఊపిరి కూడా మెల్లిగా తీసుకున్నాను.

అప్పుడు వీధి చివరి మసీదులో మూడున్నరకి వచ్చే అసర్ అజా మొదలైంది. గాలిలో తెగి తెగి వినిపిస్తోంది. ఆపేస్తే పాప తినడం మానేస్తుంది. అలవాటుగా మ్యూట్ నొక్కాను.

తెర మీద ఆవిడ టీ పోస్తోంది. పోస్తున్న చెయ్యి ఆగింది.

తల ఎత్తింది. ఏదో చప్పుడు ఆగిపోతే మనం ఎత్తినట్టు... అటూ ఇటూ చూసింది. తర్వాత మెల్లిగా మా వైపు తిరిగింది. కెమెరాలోకి కాదు. కొంచెం కిందికి. తివాచీ వైపు.

ఆవిడ పెదాలు కదిలాయి. ఆగింది. మళ్లీ కదిలాయి.

భలే తీశాడే అనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కలిగింది ఆనందం.

"వస్తున్నానమ్మా," అంది లమీస్.

చెంచా పళ్లెంలో పెట్టేసింది.

"ఎవరితో అంటున్నావే?"

"పిలుస్తోంది కదా నాన్నా."

"ఎవర్ని?"

"నన్నే. లమీస్ అని."

ఆవిడ చెయ్యి చాపి రెండో గిన్నెని బల్ల అంచుకి జరిపింది. మా వైపు. లమీస్ వెన్ను నిటారుగా అయింది. నాకు దాని వెనక భాగమే కనిపిస్తోంది. జడ, సన్నటి మెడ. ఆ మెడ కదిలింది. మింగుతోంది. చెంచా పళ్లెంలోనే ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి. మళ్లీ మింగింది... మళ్లీ...

రిమోట్ దొరకలేదు. లేచి టీవీ తీగ పట్టుకుని గోడలోంచి లాగేశాను.

గదిలో గాలి చప్పుడు, అజా చివరి మాటలు. పాపని నా వైపు తిప్పుకున్నాను. బుగ్గలు వెచ్చగా ఉన్నాయి. దాని నోటి దగ్గర ఒక వాసన... కట్టెల పొగ, దాంతో కలిసి ఏదో చేపల పులుసు. మా ఇంట్లో గ్యాస్ పొయ్యి. ఆ రోజు చేప వండలేదు.

"అన్నం తిను తల్లీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"తినేశాను నాన్నా."

రాత్రి ఇనాస్ వచ్చాక చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. పాప నిద్రపోయిందని చూసుకుని గుసగుసగా అడిగింది.

"పలికిందా?"

"పలికింది."

"దమన్‌హూర్‌లో మా అమ్మ చిన్నప్పటినుంచీ దానికి నేర్పింది కదయ్యా! కనపడకుండా పిలిస్తే పలకొద్దు, మొహం చూశాకే పలకాలి అని."

మంచం మీదనుంచి నిద్రమత్తు గొంతు వచ్చింది: "మొహం కనపడింది కదమ్మా."

ఆ తర్వాత లమీస్ మా ఇంట్లో ఒక్క మెతుకు ముట్టలేదు. ఏడవలేదు, మారాం చెయ్యలేదు. బల్ల దగ్గర బుద్ధిగా కూర్చుని "తినేశాను" అనేది. మూడో రోజు పాపని ఇనాస్‌తో పార్కుకి పంపి, ఆ డిస్కు ఒక్కణ్నే మళ్లీ పెట్టాను. ఇల్లు అదే. బల్ల అదే. ఆవిడ మాత్రం ఎవర్నీ పిలవట్లేదు. సినిమా పొడుగునా ఒకే చోట కూర్చుని ఉంది. ఎదురుగా ఎవరో తింటుంటే చూసే తల్లిలాగా, కిందికి చూస్తోంది. తినేవాళ్లు ఫ్రేము బయట ఉన్నారు. మధ్యలో ఒకసారి ముందుకు వంగి, ఫ్రేము బయటికి చెయ్యి చాపి, ఎవరి మూతో తుడిచింది.

డిస్కు విరిచాను. ముక్కల్ని తీసుకెళ్లి సముద్రంలో వేశాను. టీవీ ఎవరికో ఇచ్చేశాను. నోటు పుస్తకం చించేశాను. దేనివల్లా ఏమీ కాలేదు.

రోజూ మధ్యాహ్నం మూడున్నర కాగానే లమీస్ చేతులు కడుక్కుంటుంది. "వస్తున్నానమ్మా" అని, బాల్కనీ దగ్గర నేల మీద మఠం వేసుకుని కూర్చుంటుంది. ఒకరోజు వెనకనుంచి పట్టుకుని నా ఒళ్లోకి లాక్కున్నాను. దాని రెండు చేతులూ నా చేతుల్లోనే ఉన్నాయి. అయినా దవడ కదిలింది. నమిలింది... మింగింది. నా అరచేతి కింద దాని పొట్ట మెల్లిగా వెచ్చబడి, నిండింది. నేను గట్టిగా ప్రార్థన చదువుతున్నాను. అది తల తిప్పి, పెద్దవాళ్లు పిల్లల్ని కసిరినట్టు, "తినేటప్పుడు మాట్లాడకూడదంట నాన్నా" అంది.

నెలాఖరున ఆసుపత్రికి తీసుకెళ్లాం. మూడు వారాలు తిండి లేని పిల్ల. గొట్టం వేస్తారని సంచిలో బట్టలు కూడా సర్దుకున్నాం. నిజం చెప్పాలంటే వెయ్యాలనే కోరుకున్నాను. గొట్టంలోంచి పోయేదైనా మేం పెట్టింది అవుతుంది.

మర్వత్ గారు బరువు చూశారు. దింపి, మళ్లీ ఎక్కించి చూశారు. పద్దెనిమిదిన్నర కిలోలు.

"ఇనాస్ గారూ, ఏం పెడుతున్నారండీ? ఆ వంట నాకూ నేర్పండి!" అని పాప బుగ్గ గిల్లారు.

ఇనాస్ నవ్వింది. ఆవిడ అలా నవ్వడం పెళ్లయ్యాక నేనెప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చేటప్పుడు ట్రాంలో అన్నాను, "దమన్‌హూర్ తీసుకెళదాం. ఇలాంటివి వదిలించే పెద్దమనిషి ఎవరో మీ అమ్మకి తెలుసన్నావుగా."

ఆవిడ కిటికీలోంచి చూస్తూ పాప జడ సవరించింది. తర్వాత మెల్లిగా, "తింటోంది కదా వగ్దీ," అంది.

"ఎవరు పెడితే తింటోందో తెలుసా నీకు?"

"ఎవరైతేనేం? నేను ఏడేళ్లు పెట్టాను. నా చేతి ముద్ద దిగలేదు. ఆవిడది దిగుతోంది." నా వైపు తిరిగింది. "నన్నేం చెయ్యమంటావు? ఆపమంటావా? ఆపితే పిల్ల చచ్చిపోతుంది."

నేను బట్టల సంచి ఒళ్లోకి తీసుకున్నాను.

ఆ మర్నాటి నుంచి మూడున్నరకి ముందే ఇనాస్ పాపకి తల దువ్వి, శుభ్రమైన గౌను తొడిగేది. తను కూడా బాల్కనీ దగ్గర పక్కన కూర్చునేది. మొదట్లో ఏడ్చేది. తర్వాత ఏడవడం మానేసింది. ఒకరోజు లమీస్ లేచి మూతి తుడుచుకుంటూ వచ్చి, "అమ్మా, నువ్వు బాగా చిక్కిపోయావంట. అడగమంది," అంది.

"ఏమని?" అంది ఇనాస్.

పాప వాళ్లమ్మ చెవిలో చెప్పింది. నాకు వినపడలేదు. ఎంత అడిగినా ఇద్దరూ చెప్పలేదు.

ఇవాళ శుక్రవారం. నేను అసర్ ప్రార్థన చేసుకుని మసీదు నుంచి వచ్చేసరికి ఇల్లంతా ములూఖియాలో వేసిన వెల్లుల్లి పోపు వాసన. ఇన్ని రోజుల తర్వాత ఇంట్లో వంట వాసనొస్తే ప్రాణం లేచొచ్చింది. బల్ల మీద ఒక్క పళ్లెమే ఉంది. ఇనాస్ అందులో అన్నం వడ్డించి నా ముందుకు జరిపింది. బుగ్గలు కొంచెం ఎర్రగా, నిండుగా కనిపించాయి.

"నీదేదీ?" అన్నాను.

ఇనాస్ నా తల నిమిరింది.

"నేను తినేశాను," అంది.